కోరంగి మడ అడవులకు ఒక్క రోజు ప్రయాణం: ఏ వేళకు చేరాలి, హోప్ ఐలాండ్ కూడా చూడవచ్చా?

ప్రశ్న (వరంగల్ నుండి)

అందరికీ నమస్కారం. మాఘ శుద్ధ దశమి నాడు అమలాపురంలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి ఉంది. పెళ్ళి అయిన తరువాత పౌర్ణమి వెళ్ళిన మరునాటి వరకు మేము కోనసీమలోనే ఉంటాము. ఆ మధ్యలో ఒక రోజు కోరంగి అభయారణ్యం చూడాలని మా అబ్బాయి పట్టుబట్టాడు. వాడు ఏడవ తరగతి చదువుతున్నాడు, పిట్టలంటే ప్రాణం పెడతాడు, కనిపించిన ప్రతి పిట్టనూ నోటు పుస్తకంలో రాసుకుంటాడు.

నాకు ఉన్న సందేహాలు ఇవి. కోరంగి ఒక ద్వీపమని కొందరు, ఒడ్డున ఉన్న అడవి అని కొందరు చెబుతున్నారు. అసలు ఎక్కడికి వెళ్ళాలో, పడవ ఎక్కడ ఎక్కాలో నాకు స్పష్టంగా తెలియడం లేదు. నిరుడు వెళ్ళివచ్చిన మా బంధువులు పడవ తిరగడం లేదని నిరాశగా తిరిగివచ్చారు, అదే రోజు మధ్యాహ్నం వెళ్ళిన మరొకరు మాత్రం హాయిగా పడవలో తిరిగామన్నారు. ఒకే రోజున ఇంత తేడా ఎలా వచ్చిందో ఎవరైనా వివరించగలరా? హోప్ ఐలాండ్ కూడా అదే రోజు చూసి చీకటి పడే లోపల అమలాపురం చేరుకోవడం సాధ్యమవుతుందా? మాతో మా అత్తగారు కూడా వస్తారు, ఆవిడకు మోకాళ్ళ నొప్పులున్నాయి. ఏకాదశి నాడు వెళ్దామని అనుకుంటున్నాము, అంతకంటే మంచి రోజు ఉంటే చెప్పగలరు.

జవాబు (తాళ్ళరేవు నుండి)

అమ్మా, నమస్కారం. ముందుగా దారి సంగతి చెబుతాను. అమలాపురం నుండి వచ్చేవారు కాకినాడ వరకు పోయి వెనక్కు తిరిగి రానక్కరలేదు. ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక చేరి, గౌతమి మీద బాలయోగి గారి పేరు పెట్టిన వారధి దాటితే యానాం వస్తుంది. యానాం తరువాత మా తాళ్ళరేవు, ఆపైన కోరంగి, చొల్లంగి, చివరకు కాకినాడ, ఇవన్నీ 216వ నంబరు జాతీయ రహదారి మీదే వరుసగా తగులుతాయి. ఆ వారధి లేని కాలంలో పంటు మీద గోదావరి దాటడానికే సగం పూట పట్టేది, ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు.

ఇక ద్వీపమా, అడవా అన్న సందేహం. కోరంగి అభయారణ్యం గౌతమి నుండి చీలిన కోరంగి ఏరు, గాడేరు వంటి పాయల నడుమ పెరిగిన మడ అడవి. దీనిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు; విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. పాయలు అన్ని వైపులా చుట్టి ఉండడం వల్ల లోపలి భాగాలు చాలా వరకు లంకల వలెనే ఉంటాయి, అందుకే కొందరు ద్వీపం అంటారు. అటవీ శాఖ వేసిన చెక్క వంతెన, పడవల రేవు మాత్రం రహదారికి దగ్గరలో, కారు దిగి నడిచి వెళ్ళగలిగిన చోటనే ఉన్నాయి. హోప్ ఐలాండ్ వేరు. అది కాకినాడ అఖాతానికి, సముద్రానికి మధ్య పొడవుగా పెరిగిన ఇసుక మేట. అక్కడికి కాకినాడ వైపు నుండి సముద్రపు నీటి మీద పోవలసి ఉంటుంది.

మీ బంధువులలో ఒకరికి పడవ దొరికి మరొకరికి దొరకకపోవడానికి కారణం పోటు, పాటు. మా తీరంలో రోజుకు రెండు సార్లు సముద్రం పోటెత్తుతుంది, రెండు సార్లు తీస్తుంది. పోటు మీద ఉన్నప్పుడు ఏరు నిండుగా ఉండి పడవ అడవి లోపలి పాయల దాకా పోగలుగుతుంది. పాటు వేళ నీరు తీసినప్పుడు అవే పాయలలో మోకాలి లోతు నీరు కూడా ఉండదు, బురద తేలుతుంది, సరంగు ఎంత నేర్పరి అయినా పడవ నడపలేడు. రేవులో ఉన్నవారు పడవ లేదని చెప్పినప్పుడు చాలామంది కోపగిస్తారు గాని, ఆ మాట చెప్పేది ఏరు.

అందువల్ల మీరు గడియారం చూసి కాక, పోటు చూసి బయలుదేరండి. కాకినాడ రేవుకు సంబంధించిన ఆటుపోటుల పట్టిక ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. దానిని చదివేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకుంటే చాలు: పోటు వచ్చే వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఈ రోజు ఏ వేళకు నిండు పోటు ఉన్నదో, వారం తరువాత దాదాపు అదే వేళకు నీరు బాగా తీసి ఉంటుంది. నిరుడు ఫలానా గంటకు పడవ దొరికిందని ఎవరైనా చెబితే ఆ మాట మీకు ఈ ఏడు ఉపయోగపడదు.

తిథి సంగతికి వస్తే, అమావాస్యకు, పౌర్ణమికి పోటు బలంగా ఉంటుంది, అష్టమి నాటికి మందగిస్తుంది. ఈ మార్పు తిథి తరువాత ఒకటి రెండు రోజులు ఆలస్యంగా కనిపించడం మామూలు. కాబట్టి మీరు అనుకుంటున్న ఏకాదశి నాటికి నీటి కదలిక ఇంకా మందంగానే ఉంటుంది: పోటుకు ఏరు పూర్తిగా నిండదు, పాటుకు బురద పూర్తిగా తేలదు. పౌర్ణమి మరునాడు పాడ్యమి వరకు మీరు ఇక్కడే ఉంటారు గనుక, ఏకాదశి కంటే పౌర్ణమి గాని, పాడ్యమి గాని మేలని నా అభిప్రాయం. ఆ రోజులలో ఒకే చోట నిండిన ఏరునూ, తేలిన బురదనూ కొన్ని గంటల తేడాలో చూడవచ్చు. బయలుదేరే ముందు రోజు అటవీ శాఖ వారితో మాట్లాడి ఆ నాటి పడవల వేళ రూఢి చేసుకోండి.

మీరు మాఘం మొదట్లోనే వస్తున్నారు కాబట్టి మరొక మాట. మాఘానికి ముందు రోజు వచ్చే చొల్లంగి అమావాస్యకు గోదావరి పాయ అయిన తుల్యభాగ సముద్రంలో కలిసే చోట స్నానానికి జనం విపరీతంగా వస్తారు. పెళ్ళికి ముందుగానే వచ్చి ఆ రోజున ఇటు రావాలని అనుకుంటే మాత్రం రహదారి మీద గంటల తరబడి ఆగవలసి వస్తుంది.

జవాబు (కాకినాడ నుండి, విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు)

పై మిత్రులు పడవ గురించి చెప్పినదంతా సరైనదే. అయితే పడవ దొరకడమే ఈ ప్రయాణానికి ప్రధానమన్న భావన మీ అబ్బాయికి కలగకూడదని నా కోరిక. పిట్టలు చూడాలనుకునే పిల్లవాడికి నీరు తీసిన వేళ, చెక్క వంతెన మీద నెమ్మదిగా నడవడమే ఎక్కువ ఫలం ఇస్తుంది. నీరు తీయగానే బురదలో దాగిన పురుగులు, నత్తలు, చిన్న పీతలు బయటపడతాయి, వాటి కోసం పిట్టలు వచ్చి వాలుతాయి. నిండు పోటు వేళ అవే పిట్టలు దూరపు ఇసుక దిబ్బల మీదికి, చెట్ల కొమ్మల మీదికి చేరుకుంటాయి.

వంతెన మీదికి అడుగు పెట్టగానే మొదట నేలను చూడమని చెప్పండి. బురదలో నుండి నిలువుగా పైకి లేచిన వేలాది వేళ్ళు కనిపిస్తాయి; అవి తెల్లమడ, నల్లమడ చెట్ల శ్వాస వేర్లు. ఈ బురదలో గాలి ఆడదు, అందుచేత ఈ చెట్లు నేల పైకి వేర్లు పంపి ఊపిరి తీసుకుంటాయి. ఉప్పుపొన్న చెట్టు మరో విధంగా నిలబడుతుంది: కాండం నుండి విల్లులా వంగిన ఊత వేర్లు బురదలో దిగి చెట్టును పట్టి ఉంచుతాయి. దాని గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడవాటి మొలకగా పెరిగి, అప్పుడు కింద పడుతుంది. బురదలో గుచ్చుకుంటే అక్కడే పెరుగుతుంది, నీటిలో పడితే కొట్టుకుపోయి మరో ఒడ్డున నాటుకుంటుంది. తెల్లమడ ఆకును దగ్గరగా చూడమనండి. ఆ చెట్టు వేరు ద్వారా లోపలికి వచ్చిన ఉప్పును ఆకుల మీదుగా బయటికి నెట్టివేస్తుంది, ఎండ పొడిగా ఉన్న రోజున ఆ ఉప్పు తెల్లగా కంటికి కనిపిస్తుంది. ఇదంతా పుస్తకంలో పది పేజీలు చదివినా పిల్లల మనసుకు ఎక్కదు, అక్కడ నిలబడి పావుగంట చూస్తే ఎక్కుతుంది. తరగతి గదిలో చాలా ఏళ్ళు ఈ పాఠం చెప్పిన వాడిగా ఈ మాట అంటున్నాను.

ఒక జాగ్రత్త తప్పనిసరి. ఇక్కడ తిల్ల అనే చెట్టు ఉంది. దాని పాలు కంటిలో పడితే తీవ్రమైన మంట పుట్టి చూపు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఏ చెట్టు ఏదో తెలియని పిల్లలు కొమ్మలు విరవకుండా, ఆకులు తెంపకుండా ఉంటే ఏ ఇబ్బందీ రాదు.

బురద మీద రెక్కలనే కాళ్ళుగా చేసుకుని పాకుతూ, ఎగురుతూ తిరిగే చిన్న చేపలు ఉంటాయి. వాటిని పిల్లలు ఎప్పటికీ మరచిపోరు. ఒక వైపు డెక్క మాత్రమే పెద్దదిగా ఉన్న చిన్న మగ పీతలు ఆ డెక్కను పైకీ కిందికీ ఊపుతూ ఉంటాయి. పిట్టలలో రకరకాల లకుముకి పిట్టలు, తెల్ల కొంగలు, ముక్కు మధ్యలో సందు ఉండే నత్తగుల్ల కొంగలు, పైన చుట్టు తిరిగే గరుడ పక్షులు తరచుగా కనిపిస్తాయి. మాఘమాసం వలస పిట్టలు ఇంకా వెళ్ళిపోని కాలం. సైబీరియాలో గూళ్ళు కట్టి, శీతకాలం గడపడానికి కాకినాడ అఖాతం ఒడ్డుకు వచ్చే చిన్న పిట్టలలో ప్రపంచంలోనే అరుదైపోతున్నవి కూడా ఉన్నాయి. కింది ముక్కు పై ముక్కు కంటే పొడవుగా ఉండి, ఎగురుతూనే నీటిని కోసుకుంటూ చేపలు పట్టే ఇండియన్ స్కిమ్మర్ కూడా ఈ ప్రాంతానికి వస్తుంది. ఇవి ఎక్కువగా అఖాతం వైపు, ఇసుక మేటల మీద ఉంటాయి గనుక వంతెన మీద నుండి కనిపిస్తాయని ఆశ పెట్టవద్దు. బైనాక్యులర్ ఉంటే తప్పక తీసుకురండి.

ఇక ఈ అడవికి పేరు తెచ్చిన నీటి పిల్లి, అంటే ఫిషింగ్ క్యాట్, పగటి పూట కనిపించడం బహు అరుదు. మామూలు పిల్లికి దాదాపు రెండింతలు ఉంటుంది, రాత్రి వేళ నీటి అంచున కూర్చుని చేపలు పడుతుంది. దానిని చూడలేదని పిల్లవాడు నిరుత్సాహపడకుండా ముందే చెప్పి తీసుకురండి. నీటికుక్కలు మాత్రం గుంపుగా తిరిగే జంతువులు, పగలు కూడా ఈదుతాయి. పడవ ఇంజను చప్పుడు తగ్గించమని సరంగును మర్యాదగా అడిగితే, అందరూ మాట్లాడకుండా కూర్చుంటే, అదృష్టం ఉన్నవారికి కనిపిస్తాయి.

జవాబు (కాకినాడ, జగన్నాథపురం నుండి)

హోప్ ఐలాండ్ గురించి అడిగారు కనుక ఆ ఒక్క విషయం మీదే రాస్తున్నాను. కోరంగి, హోప్ ఐలాండ్ రెండూ ఒకే రోజున పెట్టుకోవద్దని నా గట్టి అభిప్రాయం. వేళ చాలకపోవడం ఒక్కటే కారణం కాదు.

జనవరి నుండి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి మన ఇసుక తీరాలకు వస్తాయి, వాటిలో హోప్ ఐలాండ్ ముఖ్యమైనది. ఒడిశాలో గహీర్‌మఠ వద్ద వచ్చినట్లు ఇక్కడ వేల కొద్దీ ఒక్కసారిగా రావు. విడివిడిగా, రాత్రిపూట వచ్చి, ఇసుకలో గొయ్యి తీసి, నూరుకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, పూడ్చి, తెల్లవారే లోపల సముద్రంలోకి వెళ్ళిపోతాయి. గుడ్లు పిల్లలు కావడానికి సుమారు 45 నుండి 60 రోజులు పడుతుంది. అంటే మీరు వచ్చే మాఘమాసంలో ఆ ఇసుక కింద ఎక్కడెక్కడ గుడ్లు ఉన్నాయో పైకి చూసేవారికి తెలియదు. అటవీ శాఖ వారు గుడ్లను సేకరించి కంచె వేసిన చోట పొదిగిస్తారు గాని, ప్రతి గూడూ వారి కంటపడుతుందని చెప్పలేము. ఈ తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో, అంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలో, ఉన్న జీవి. ఆ కాలంలో ఆ ఇసుక మీద గుంపుగా తిరగడం, ఆటలాడడం, వంటలు వండుకోవడం మంచిది కాదు. పడవలు నడుస్తున్నాయా, దిగనిస్తున్నారా అన్నది కూడా అనుమతుల మీద ఆధారపడి ఉంటుంది. తీరా వచ్చాక లేదంటే మీ రోజంతా వృథా అవుతుంది.

ఇలా రాస్తున్నందుకు హోప్ ఐలాండ్ మీద నాకు ప్రేమ లేదనుకోవద్దు. మేము బతికి ఉండడానికి దాని పాత్ర ఎంతో ఉందని నమ్మే ఊరు మాది. గోదావరి తెచ్చి పోసిన ఇసుకతో గత రెండు వందల ఏళ్ళలోనే ఏర్పడి, సుమారు 16 కిలోమీటర్ల పొడవున సముద్రానికి అడ్డంగా పడుకున్న ఆ మేట వల్లనే కాకినాడ రేవులో ఓడలు ప్రశాంతంగా నిలుస్తున్నాయి, అలల ఉధృతి నేరుగా ఊరి మీద పడకుండా ఉంటున్నది. అంతకు ముందు ఈ తీరంలో పెద్ద రేవు కోరంగి. ఇక్కడి నుండి బర్మాకు ఓడలు పోయేవి, వాటి వెంట వేలాది తెలుగువారు రంగూన్ చేరారు. ఆ కోరంగిని 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరొకసారి తుఫాను ఉప్పెనలు ముంచెత్తాయి. రెండవ దాని తరువాత ఆ రేవు మునుపటి స్థితికి మళ్ళీ రాలేదు. మీరు కారులో దాటిపోయే చిన్న ఊరు ఒకప్పుడు ఓడలు కట్టిన, మరమ్మతు చేసిన పట్టణమని మీ అబ్బాయికి చెప్పండి.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను మా తరానికి ప్రత్యక్షంగా తెలుసు. వెయ్యి మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు, వారిలో వేటకు వెళ్ళిన మత్స్యకారులు ఎందరో ఉన్నారు. అడ్డుగా మడ అడవి దట్టంగా ఉన్న ఊళ్ళకు నీటి దెబ్బ తక్కువగా తగిలిందని ఈ ప్రాంతపు పెద్దలు నేటికీ చెబుతారు. ఆ తరువాతి సంవత్సరాలలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, మత్స్యకార గ్రామాల ప్రజలు కలిసి పాడైన మడ భూములను తిరిగి పెంచారు. ఉప్పు పేరుకుపోయి చెట్టు మొలవని చోట చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీరు లోపలికి వచ్చి పోయేలా చేసి, అప్పుడు మొక్కలు నాటారు. చెట్టు నాటడం కంటే ముందు నీటికి దారి చేయాలన్న ఆ ఆలోచన ఈ అడవి స్వభావానికి సరిగ్గా సరిపోయింది.

కనుక ఆ రోజంతా కోరంగికే ఇవ్వండి. సాయంకాలం వేళ ఉంటే యానాంలో గౌతమి ఒడ్డున కాసేపు కూర్చుని అమలాపురం వెళ్ళిపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీరు చెప్పిన ప్రకారం ఏకాదశి ఆలోచన మానుకుని పౌర్ణమి మరునాడు పాడ్యమికి పెట్టుకున్నాము, హోప్ ఐలాండ్ ప్రయాణం పూర్తిగా విరమించుకున్నాము. తాబేళ్ళ సంగతి విని మా అబ్బాయి తానే వద్దన్నాడు. మిగిలిన సందేహం ఒక్కటే: మా అత్తగారు చెక్క వంతెన మీద నడవగలరా, పడవ ఎక్కి దిగడం ఆవిడకు కష్టమవుతుందా? పోటు ముందు వస్తే ముందు పడవ, తరువాత నడక పెట్టుకోవచ్చా?

జవాబు (తాళ్ళరేవు నుండి)

పెట్టుకోవచ్చు, ఏది ముందు వస్తే దానిని ముందు చూడడమే ఇక్కడి పద్ధతి. ఉదయం నిండు పోటు పడితే రాగానే పడవ ఎక్కండి. మీరు దిగి కాస్త ఫలహారం చేసే లోపల నీరు తీయడం మొదలవుతుంది, మరో రెండు మూడు గంటలకు వంతెన కింద బురద తేలుతుంది, అప్పుడు నడవండి. ఉదయం నీరు తీసి ఉంటే ఇదే వరుసను తిరగవేయండి.

అత్తగారి విషయంలో, వంతెన మీద నడక సమతలంగానే ఉంటుంది, మధ్యలో ఆగుతూ నెమ్మదిగా నడిస్తే ఇబ్బంది ఉండదు. మంచు పడిన ఉదయాలలో చెక్కలు తడిగా ఉంటాయి గనుక జారని చెప్పులు వేసుకోమనండి, ఒకరు పక్కన చేయి పట్టుకుని నడవండి. పడవ ఎక్కే చోట మాత్రం ఒక కిటుకు ఉంది. నిండు పోటు మీద పడవ అంచు రేవు మెట్టుకు దాదాపు సమానంగా ఉంటుంది, ఒక్క అడుగు వేస్తే చాలు. నీరు తీసే కొద్దీ పడవ కిందికి దిగిపోతుంది, అప్పుడు మోకాళ్ళ నొప్పులున్నవారు దిగి ఎక్కడం కష్టం. కాబట్టి పోటు నిండే వేళకు అరగంట ముందుగానే రేవులో ఉండి, మొదటి పడవలో ఆవిడను కూర్చోబెట్టండి, తిరిగి వచ్చేటప్పటికి కూడా నీరు నిండుగానే ఉంటుంది. లైఫ్ జాకెట్ అందరూ వేసుకోవాలి, పెద్దవారికి ఉక్కగా ఉంటుందని విప్పనివ్వవద్దు.

తాగే నీళ్ళు, దోమలకు రాసుకునే మందు, ఎండకు టోపీలు మీ వెంటే తెచ్చుకోండి. తెచ్చిన ప్లాస్టిక్ సీసాలు, కవర్లు తిరిగి కారులోకే చేరాలి; ఏటిలో పడిన కవరు పోటుతో లోపలికి పోయి శ్వాస వేర్లకు చుట్టుకుంటే పాటుతో బయటికి రాదు.

భోజనానికి తాళ్ళరేవులో గాని, యానాంలో గాని ఆగవచ్చు. పాడ్యమి నాటి పోటు వేళ పట్టికలో చూసి ఇక్కడ రాస్తే, అమలాపురంలో ఎన్ని గంటలకు బయలుదేరాలో చెబుతాను.